అంచు పట్టుకోండి, నెత్తి వదిలేయండి

వేషధారణ, బట్టల సంరక్షణ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు, విశాఖ నాటక సమాజాల్లో ఆహార్యం చూసే మాస్టారి జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం టోపీల గురించే.

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి విదేశం నుంచి వస్తూ బూడిదరంగు ఫెల్ట్ హ్యాట్ తెచ్చాడు. సాయంత్రాలు పెట్టుకుని షికారుకి వెళ్తుంటాను. ముందువైపు నొక్కులున్న చోట నూగు పోయి పల్చబడింది. అంచు ఒకపక్క వాలిపోయింది. ఇంటికి రాగానే బల్ల మీద బోర్లించి పెడుతున్నాను. వెల్లకిలా పెడితే బాగోదని మా ఆవిడ అంటుంది. అసలు దీన్ని ఎలా పట్టుకోవాలి, ఎలా పెట్టుకోవాలి?
— ఒక పాఠకుడు, లాసన్స్ బే కాలనీ

జవాబు: ఎక్కడ పాడయిందో మీరే రాశారు కాబట్టి టోపీ చూడకుండానే కారణం చెప్పగలను. మీరు దాన్ని ముందు నొక్కుల దగ్గర బొటనవేలు, చూపుడువేలు వేసి పట్టి తీస్తున్నారు. చాలామంది అలాగే తీస్తారు. ఆ నొక్కులు చూస్తే వేళ్ల కోసమే పెట్టారనిపిస్తుంది. కానీ అవి అందం కోసం పెట్టినవి. ఫెల్ట్ నేసిన బట్ట కాదు. కుందేలు బొచ్చునో గొర్రె ఉన్నినో తడి, వేడి, ఒత్తిడి పెట్టి ఒకదాంట్లో ఒకటి చిక్కుకునేలా చేసిన దళసరి పొర. పడుగూ పేకా ఉండవు కాబట్టి రోజూ ఒకే చోట నలిపితే అక్కడి వెంట్రుకలు రాలిపోతాయి. వేళ్ల జిడ్డు కూడా అక్కడే చేరుతుంది. కొన్నాళ్లకు చిల్లు పడుతుంది. పల్చబడిన చోటు మళ్లీ దళసరి కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇకమీద పెరగకుండా మాత్రం ఆపుకోవచ్చు.

మా సమాజంలో దొర వేషం వేసే కుర్రాళ్లకు డైలాగుల కన్నా ముందు నేర్పేది ఇదే. రంగం మీదికొచ్చి టోపీని కొబ్బరికాయ పట్టుకున్నట్టు పైనుంచి పట్టి తీస్తే, అది అతని టోపీ కాదని చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

పెట్టుకునే ముందు టోపీ తిరగేసి లోపల చూడండి. నుదుటికి ఆనే తోలు పట్టీ కలిసిన చోట చిన్న ముడి ఒకటి ఉంటుంది. అది తలకి వెనక్కి రావాలి. మగవాళ్ల టోపీలో బయటి రిబ్బను ముడి ఎడమ చెవి వైపు వస్తుంది. చేతులు శుభ్రంగా తుడుచుకోండి. రెండు చేతులతో ముందు అంచు ఒకటి, వెనక అంచు ఒకటి పట్టుకోండి. ముందువైపు నుదుటికి ఆనించి, తర్వాత వెనకవైపు కిందికి దించండి. కనుబొమలకి ఒక వేలెడు పైన, చెవులకి కొంచెం పైన ఆగితే సరిగ్గా కూర్చున్నట్టే. పక్కకి కాస్త వాల్చుకోవాలనుంటే అదీ అంచు పట్టుకునే చెయ్యాలి. తీసేటప్పుడు కూడా ముందూ వెనకా రెండు చేతులూ వేయండి. మీ టోపీ అంచు ఒకపక్కే వాలిందంటే రోజూ ఒంటిచేత్తో అదే పక్క లాగుతున్నారని అర్థం.

ఇక బోర్లించడం. అమ్మగారికి నా మాటగా చెప్పండి, టోపీకి వెల్లకిలా పడుకోబెట్టడమే మర్యాద. బోర్లిస్తే దాని బరువంతా అంచు మీద పడుతుంది. ముందు కిందికి, వెనక పైకి ఉన్న ఆ వంపు నాలుగు రోజుల్లో చదునైపోతుంది. నెత్తి కింద, అంచు పైన ఉండేలా శుభ్రమైన పొడి బల్ల మీద పెట్టండి. గోడ మేకుకు మాత్రం తగిలించకండి, మేకు గుచ్చుకున్న చోట పొడుచుకొచ్చిన గుర్తు పడిపోతుంది. తగిలించక తప్పదనుకుంటే గుండ్రని లావాటి కొయ్య గూటం చూసుకోండి.

వాలిన అంచుని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. కెటిల్‌లో నీళ్లు మరిగించి, ఆవిరికి జానెడు దూరంలో అంచుని కొన్ని సెకన్లు పట్టండి. ఫెల్ట్ మెత్తబడినట్టు వేళ్లకి తెలుస్తుంది. అప్పుడు కావలసిన వంపు తిప్పి, చల్లారేదాకా అలాగే పట్టుకుని ఉండండి. వంపు నిలబడేది చల్లారేటప్పుడే, తొందరపడి వదిలేస్తే మళ్లీ వాలిపోతుంది. ఆవిరి లోపలి తోలు పట్టీకి మాత్రం తగలనివ్వకండి, ముడుచుకుపోతుంది. ఎండాకాలంలో మూసిన కారులో వదిలేసిన టోపీ బిగుతుగా మారేది కూడా ఈ తోలు వల్లే.

ప్రశ్న: రోజూ ఆర్.కె. బీచ్‌లో నడుస్తాను. ఎండకి వెడల్పు అంచున్న గడ్డి టోపీ కొన్నాను. గాలికి నిలవదు, పట్టుకోలేక చేతులు నొప్పి. తలకి నూనె రాస్తాను, జుట్టు ముడి వేస్తాను. లోపల అప్పుడే నల్లగా అయింది. నాలాంటి వాళ్లు టోపీ మానుకోవాల్సిందేనా?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: మానకండమ్మా. ఎండకి మీరు చేసుకున్న ఏర్పాటు చాలా మంచిది. అంచు చుట్టూ ఏడున్నర సెంటీమీటర్లు ఉంటే ముఖం, చెవులు, మెడ నీడలో ఉంటాయి. క్రికెట్ క్యాప్ అయితే చెవులనీ మెడనీ కాపాడలేదు. ఇసుక మీదా నురుగు మీదా పడి పైకి తిరిగొచ్చే కిరణాల్ని ఏ అంచూ ఆపలేదు కాబట్టి బుగ్గలకి క్రీము కూడా రాసుకోండి. అది ఆరాకే టోపీ ముట్టుకోండి.

గాలి సంగతికొస్తే, కాళీమాత గుడి దగ్గర్నుంచి లాసన్స్ బే వైపు నడిస్తే సముద్రం మీకు కుడిపక్క ఉంటుంది. పొద్దెక్కాక గాలి అటునుంచే వస్తుంది. కుడివైపు అంచు కాస్త కిందికి వాల్చి పెట్టుకోండి. అప్పుడు గాలే టోపీని తలకి అదుముతుంది. ఆ పక్క అంచు పైకి లేచి ఉంటే గాలి కిందికి దూరి ఎత్తేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఎడమ పక్క వాల్చాలి. గడ్డం కింద కట్టుకునే సన్నటి తాడు కుట్టించుకుంటే ఇంకా మంచిది. పాతకాలం హ్యాట్లకి ఇందుకోసమే సన్నటి దారం, దాని కొసన బొత్తాం ఉండేవి. దాన్ని కోటు కాలరు కాజాకి తగిలించుకునేవాళ్లు.

ముడి నడినెత్తిన వేస్తే ఏ టోపీ కూర్చోదు. మెడ మీదికి కిందుగా వేసుకోండి, లేదా జడ వేసుకోండి. నూనె రాసిన రోజు పల్చటి నూలు గుడ్డ తలకి చుట్టి, పైన టోపీ పెట్టండి. గుడ్డ ఉతుక్కోవచ్చు, టోపీని ఉతకలేం. కుంకుమ, విభూతి కూడా పట్టీకి అంటుకుంటాయి. ఇంటికి రాగానే పట్టీని బయటికి మడిచి, తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి మళ్లీ లోపలికి తిప్పండి. ఫెల్ట్ టోపీకి నూనె మరక పడితే అక్కడ ముల్తానీ మట్టి పొడి చల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున మెత్తటి బ్రష్‌తో దులపాలి. అది జిడ్డుని పీల్చేస్తుంది. గడ్డి టోపీ మీద మాత్రం చల్లొద్దు, అల్లిక సందుల్లో ఇరుక్కుంటుంది.

గడ్డి టోపీ అంటే అన్నీ గడ్డి కాదు. కాగితపు పురితో అల్లినవి కూడా అమ్ముతారు. అంచు కింద కనపడని చోట తడి వేలితో రుద్ది చూడండి. మెత్తబడితే కాగితం, దానికి వాన పనికిరాదు. పనామా అని పేరున్న మేలిరకం టోపీలు ఈక్వడార్ దేశంలో తోకీయా అనే మొక్క ఆకుతో చేత్తో అల్లుతారు. ఆ అల్లికకి 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అలాంటి టోపీకి మన విశాఖ ఉక్కపోత మేలే చేస్తుంది, ఆకు ఎండి పెళుసెక్కదు. ఏసీ గదిలో నెలల తరబడి ఉంచితే మాత్రం నొక్కుల దగ్గర చిట్లుతుంది. గడ్డి టోపీని నొక్కుల దగ్గర పట్టుకోవద్దనడం ఫెల్ట్ కన్నా కూడా ముఖ్యం. ఫెల్ట్ మెల్లగా అరుగుతుంది, ఎండిన గడ్డి ఒక్కసారే విరుగుతుంది.

ప్రశ్న: నాన్నగారి పాత ఫెల్ట్ టోపీ వానలో పూర్తిగా తడిసింది. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టనా? బీరువాలో పెడితే బూజు వాసన వస్తోంది.
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: డ్రయ్యర్ వద్దు బాబూ. ఎండలోనూ పెట్టకండి. తడి, వేడి కలిస్తే ఉన్ని కుంచించుకుపోతుంది. అది నాన్నగారి టోపీ అన్నారు కాబట్టి ఇంకా గట్టిగా చెబుతున్నాను. నీళ్లు దులిపి, లోపలి పట్టీని బయటికి లాగి, ఆ పట్టీ మీదే నిలబెట్టండి. అంచు నేలకి తగలకూడదు. ఫ్యాన్ గాలి తగిలే గదిలో రెండు రోజులైనా పట్టనివ్వండి. పూర్తిగా ఆరాక మెత్తటి బ్రష్‌తో నూగు వాటం చూసుకుని ఒకే వైపుకి దువ్వండి.

మన ఊరి సముద్రపు తేమకి ప్లాస్టిక్ కవరు ఫెల్ట్‌కి శత్రువు. నూలు సంచీలో పెట్టండి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు పారేయకుండా అందులో వేయండి. ఉన్ని, బొచ్చు తినే పురుగు ఉంటుంది కాబట్టి కలరా ఉండలు కూడా అవసరమే. వాటిని గుడ్డలో మూటగట్టి, టోపీకి తగలకుండా పెట్టండి. నెలకోసారి బయటికి తీసి గాలి తగలనివ్వండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో టోపీ కొనాలి. సైజు ఎలా తెలుస్తుంది?
— ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: నుదుటి మధ్యలో, చెవులకి వేలెడు పైన, తల వెనక ఉబ్బు మీదుగా టేపు చుట్టండి. బిగించకండి. ఎన్ని సెంటీమీటర్లు వస్తే అదే మీ సైజు. 58 వస్తే కొన్ని కంపెనీలు దాన్ని ఏడుంపావు అని రాస్తాయి. రెండు సైజుల మధ్యలో ఉంటే పెద్దదే తీసుకోండి. తోలు పట్టీ వెనక సన్నటి స్పాంజి ముక్క దూర్చి తగ్గించుకోవచ్చు గానీ, చిన్న టోపీని సాగదీస్తే ఆకారం పోతుంది. పెట్టుకున్నాక పట్టీకీ నుదుటికీ మధ్య ఒక వేలు తేలిగ్గా దూరాలి.

ప్రశ్న: సింహాచలం గిరి ప్రదక్షిణకి టోపీ పెట్టుకుని నడవొచ్చా? జనగణమన పాడేటప్పుడు తీయాలా?
— ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: సుమారు 32 కిలోమీటర్ల నడక, అందులోనూ ఆషాఢం. ఎండా రావచ్చు, వానా రావచ్చు. రోడ్డు మీద నడిచేటప్పుడు నిక్షేపంగా పెట్టుకోండి. ఫెల్ట్, పనామా వద్దు, మడిచి సంచీలో పెట్టుకునే గుడ్డ టోపీ చాలు. కొండ కింద మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టేటప్పుడూ, దారిలో ఏ గుడి ముందు దణ్ణం పెట్టినా తీసెయ్యండి. జాతీయ గీతానికి తప్పకుండా నిలబడాలి, టోపీ తీయడం మర్యాద. తలపాగాకి ఈ పట్టింపు లేదు, యూనిఫాంలో ఉన్నవాళ్లకి వాళ్ల పద్ధతి వేరే ఉంటుంది. తీసిన టోపీ అంచు పట్టుకుని, చెమట పట్టిన లోపలి వైపు మీ వైపుకి తిప్పి, పక్కన పట్టుకోండి.