వికీ ప్రాజెక్టులో గ్రూపుకు ఒకరే రాస్తుంటే ఏం చేయాలి?

మేడమ్, కడపలో మీ ఆన్‌లైన్ డిగ్రీ కోర్సులో 60 మందితో కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) మీద మూడుల్ (ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్) వికీ, అంటే అందరూ కలిసి రాసి దిద్దుకునే పేజీలు, రాయిస్తున్నామని, గ్రూపుకు ఒకరే రాస్తే మిగతావాళ్లు పేర్లు కలుపుకుంటున్నారని అడిగారు. దీనికి పిల్లల బద్ధకం కన్నా మార్కులు వేసే పద్ధతే ఎక్కువ కారణం. పూర్తయిన పేజీకి మార్కులంటే, బాగా రాసేవాళ్లకే పని అప్పగిస్తారు. దాని బదులు హిస్టరీ, అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే ట్యాబు, చూసి వేయండి.

సెట్టింగుల్లో వికీ మోడ్ 'కొలాబరేటివ్' (కలిసి రాసేది), గ్రూప్ మోడ్ 'సెపరేట్ గ్రూప్స్' (ఏ గ్రూపు వికీ ఆ గ్రూపుకే) ఉండాలి. గ్రూప్ మోడ్ వదిలేస్తే 60 మందీ ఒకే వికీలో పడతారు. వికీ మోడ్, మొదటి పేజీ పేరు సేవ్ చేశాక మారవు, అక్కడ తొందరపడొద్దు. గ్రూపుకు ఐదుగురు చాలు.

మొదటి పేజీలో మిగతా పేజీలకు లింకులు (రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య పేజీ పేరు) మీరే పెట్టండి, 12 గ్రూపులకూ విడివిడిగా పేస్టు చేయాల్సి వచ్చినా సరే. పిల్లలకు వదిలితే, కెనాల్ మొదలయ్యే ఆనకట్ట పేరునే ఒకరు [[సుంకేసుల]] అని, ఇంకొకరు [[సుంకేశుల]] అని కొడతారు. మూడుల్‌కు అవి రెండు వేర్వేరు పేజీలు, విషయం సగం ఇక్కడ, సగం అక్కడ ఉండిపోతుంది. మ్యాప్ ట్యాబులో పేజీల జాబితా తీస్తే ఇలాంటివి దొరుకుతాయి.

ఒకరు పేజీ ఎడిట్ చేస్తుంటే మిగతావాళ్లకు అది లాక్ అవుతుంది. గడువు ముందురోజు రాత్రి గొడవలన్నీ దీని వల్లే. పేజీలో హెడింగులు పెట్టించి, హెడింగు పక్కనున్న ఎడిట్ నొక్కి రాయమనండి. అప్పుడు ఆ భాగం వరకే లాక్ పడుతుంది.

అందరూ వాట్సాప్‌లో పంపితే ఒకరు అతికించడం మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. హిస్టరీలో ఒక్క పేరే కనబడుతుంది, ఎవరి పని ఎంతో తేల్చలేరు. ఎవరి లాగిన్‌లో వాళ్లే రాయాలని మొదటి రోజే చెప్పండి.

హిస్టరీలో రెండు వెర్షన్లు ఎంచుకుని 'కంపేర్' నొక్కితే ఏం మారిందో తెలుస్తుంది. అయితే రాసిన పొడవు చూసి మోసపోవద్దు. పెద్ద పేరా అతికించినవాళ్లకన్నా, 'సుంకేసుల ఆనకట్ట కృష్ణా నది మీద' అని పక్కవాళ్లు రాస్తే దాన్ని 'తుంగభద్ర మీద' అని దిద్దినవాళ్ల పనే నాకు విలువైనది. అందుకే 20 మార్కుల్లో సొంత భాగానికి 8, ఇతరుల భాగాలు దిద్దినందుకు 7, ఆధారాలకు 5 ఇమ్మంటాను. వికీ యాక్టివిటీలో మార్కులు వేసే చోటు లేదు కాబట్టి, పక్కనే ఒక అసైన్‌మెంట్ తెరిచి అందులో వేయండి.