మండల కేంద్రంలో స్థిరపడాలంటే: ఏ సేవ ఏ పూట దొరుకుతుంది

హైదరాబాదులో ఉద్యోగ విరమణ చేసిన తరువాత 78 ఏళ్ల మీ తల్లిగారితో కలిసి పశ్చిమ ప్రకాశంలోని (పూర్వపు ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతంలోని) ఒక మండల కేంద్రానికి వచ్చి ఉండాలనుకుంటున్నానని, అక్కడ ఆసుపత్రి, నీళ్లు, బ్యాంకు, కరెంటు, రవాణా వంటి రోజువారీ సౌకర్యాలు ఎలా ఉంటాయో అనుభవం ఉన్నవారు చెప్పాలని మీరు అడిగారు. మార్కాపురానికీ గిద్దలూరుకూ మధ్యనున్న అటువంటి ఊళ్లోనే నేను కూడా ఉద్యోగ విరమణ తరువాత మా నాన్నగారితో కలిసి ఉంటున్నాను కాబట్టి, ఇక్కడి సంగతులు నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మీరు అడిగిన సేవలు దాదాపు అన్నీ ఇక్కడ ఉన్నాయి. అయితే నగరంలో లాగా ఎప్పుడు వెళితే అప్పుడు దొరకవు. ప్రతిదానికీ ఒక వారం, ఒక పూట, చాలాసార్లు ఒక మనిషి ఉంటారు. ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు "ఇక్కడ ఎముకల డాక్టరు ఉన్నారా?" అని అడిగితే ఉన్నారనే చెబుతారు, అది అబద్ధం కూడా కాదు. ఆయన ఏ రోజు వస్తారని అడిగితేనే మీకు పనికొచ్చే సమాధానం దొరుకుతుంది.

వైద్యంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే పెద్దవాళ్లతో ఉండేవారికి మిగిలినవన్నీ దీని తరువాతే. ఇక్కడి వైద్యాన్ని మూడు అంచెలుగా చూడాలి. మొదటిది వీధి చివర ఉండే ఆర్‌ఎంపీ, అంటే డాక్టరు పట్టా లేని స్థానిక వైద్యుడు. బీపీ చూడటానికి, కట్టు మార్చడానికి, రాత్రిపూట ఎవరూ లేనప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెప్పడానికి ఆయన ఎంతో ఉపయోగపడతారు. అంతకుమించి స్టెరాయిడ్లు, సెలైన్ల దాకా ఆయన మీద ఆధారపడవద్దని మాత్రం నా గట్టి అభిప్రాయం. రెండవది ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడ ఓపీ ఉదయంపూటే జోరుగా ఉంటుంది. బీపీ, షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు. కుక్కకాటుకూ పాముకాటుకూ నేరుగా అక్కడికే వెళ్లాలి, ఎందుకంటే చిన్న ప్రైవేటు క్లినిక్కుల్లో ఆ మందులు సాధారణంగా ఉంచరు. మా పక్కింటి పిల్లవాణ్ణి వీధికుక్క కరిచినప్పుడు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంట కడిగి ఆసుపత్రికి తీసుకువెళ్లాము. మొదటి రోజు వేసిన టీకా తరువాత 3వ, 7వ, 28వ రోజుల్లో మళ్లీ వేయించాలని చీటీ మీద రాసిచ్చారు. వాటిలో ఒకటి ఆదివారం పడితే ఆ రోజు టీకా వేసేవారు ఉంటారో లేదో ముందే కనుక్కోవాలి, ఎలాగూ రెండు రోజులే కదా అని వాయిదా వేయకూడదు. పాముకాటు విషయంలో ఇంకా తొందర అవసరం. ఇప్పటికీ మంత్రం వేయించి, పసరు తాగించి, ఆ తరువాత ఆసుపత్రికి తెచ్చేవారు మా చుట్టుపక్కల ఉన్నారు. పొలాలకు దగ్గరగా ఇల్లు తీసుకుంటే ఈ మాట గుర్తుంచుకోండి.

మూడవ అంచె బయటినుంచి వచ్చే నిపుణులు. గుండె, ఎముకలు, నరాలు, చర్మం చూసే డాక్టర్లు ఒంగోలు నుంచో నంద్యాల నుంచో గుంటూరు నుంచో వారానికో పదిహేను రోజులకో ఒకసారి వచ్చి, ఏదో ఒక మందుల షాపుకు అనుబంధంగా ఉన్న గదిలో కూర్చుంటారు. ఎవరు ఏ ఆదివారం వస్తారో ఆ షాపు ముందున్న బోర్డు మీదే ఉంటుంది. ముందురోజే ఫోను చేసి పేరు రాయించుకుంటే మధ్యాహ్నానికి బయటపడతారు, లేకపోతే సాయంత్రం దాకా వరండాలో కూర్చోవలసిందే. రక్త పరీక్షలకు ల్యాబులున్నాయి. మామూలు పరీక్షల ఫలితాలు ఆ పూటే ఇస్తారు. థైరాయిడ్, విటమిన్ల వంటి వాటికి శాంపిలును నగరానికి పంపుతారు కాబట్టి మర్నాడు రిపోర్టు వాట్సాప్‌లో వస్తుంది. ఎమ్మారై, యాంజియోగ్రాం, డయాలిసిస్ వంటివాటికి పెద్ద ఊరికి వెళ్లక తప్పదు. మీ తల్లిగారికి అటువంటి అవసరం క్రమం తప్పకుండా ఉంటే ఇక్కడికి రావడం గురించి మరోసారి ఆలోచించండి.

108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైననాటి నుంచీ పల్లెలకు పెద్ద అండ. కాకపోతే ఆ వాహనం ఒక్కోసారి వేరే కేసు మీద దూరాన ఉంటుంది. అందుకే రాత్రిపూట పిలిస్తే పలికే ఇద్దరు కారు డ్రైవర్ల నంబర్లు గోడమీద రాసిపెట్టుకోవడం ఇక్కడి వృద్ధుల ఇళ్లలో అలవాటు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యానికి వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. అమ్మగారికి దాన్ని హైదరాబాదులో ఉండగానే చేయించి, ఒంగోలు, గుంటూరు ఆసుపత్రుల్లో ఏది అంగీకరిస్తుందో కనుక్కుని రండి.

ఇక నీళ్లు. మా ప్రాంతంలో ఇల్లు చూసేవారు గదులు, గాలి, వెలుతురు చూసి మురిసిపోయి, నీటి గురించి చివర్లో అడుగుతారు. నిజానికి అదే మొదట అడగాలి. పశ్చిమ ప్రకాశంలో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పళ్ల మీద గారలు, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోవడం వంటి బాధలు వస్తాయి. నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది. అందువల్ల బోరు ఉన్న ఇల్లు అనగానే సంతోషించకుండా, ఆ నీటిని ఒక సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. తాగడానికి ఊళ్లో అందరూ ప్లాంటు నీళ్లే తెచ్చుకుంటారు. 20 లీటర్ల క్యాను ప్లాంటు దగ్గర చవక, ఆటోవాడు ఇంటికి తెచ్చి వేస్తే కొంచెం ఎక్కువ. ఆ ప్లాంట్లలో కూడా ఫిల్టర్లు సమయానికి మార్చేవారు, మార్చనివారు ఉన్నారు. మేము మా ప్లాంటు నీటిని కూడా అప్పుడప్పుడు పరీక్షకు పంపుతుంటాము.

వాడుక నీటి సంగతి వేరు. పంచాయతీ కుళాయి రోజూ రాదు. ఏ వీధికి ఏ రోజు ఏ గంటకు వదులుతారో వాటర్‌మన్‌కు తెలుసు, ఆ వీధి ఆడవాళ్లకు ఇంకా బాగా తెలుసు. నేల సంపు, మేడమీద ట్యాంకు రెండూ ఉన్న ఇల్లయితే ఈ వంతుల వల్ల ఇబ్బంది ఉండదు. సంపు లేని ఇల్లు అద్దె తక్కువైనా తీసుకోవద్దు. వేసవిలో బోర్లు అడుగంటితే ట్యాంకరు కొనుక్కోవాలి, ట్యాంకరు మీ సందులోకి తిరుగుతుందా లేదా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. ఇంతకూ ఇక్కడికి దగ్గరలోనే విజయనగర కాలంనాటి కంభం చెరువు ఉంది, దానికి 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. అంత చెరువు పక్కన ఉండగా మనం క్యాన్లు మోసుకోవడం ఏమిటని మా నాన్నగారు ప్రతి వేసవిలో నాతో వాదిస్తుంటారు.

బ్యాంకుల విషయంలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖ, ఒక గ్రామీణ బ్యాంకు శాఖ, ఒక సహకార బ్యాంకు సాధారణంగా మండల కేంద్రంలో ఉంటాయి. రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులను 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు పేరుతో ఒకటి చేశారు. కాబట్టి మీ తల్లిగారికి పాత పేరుతో ఖాతా ఉంటే ఐఎఫ్‌ఎస్‌సీ కోడు, పాసుపుస్తకం సరిచూసుకోండి. పంట రుణాల రెన్యువళ్ల కాలంలోనూ, ఉపాధి హామీ కూలీ పడిన రోజుల్లోనూ బ్యాంకులో కాలు పెట్టే చోటు ఉండదు, ఏటీఎంలో నగదు కూడా మధ్యాహ్నానికే అయిపోతుంది. చిన్న మొత్తాలకు వీధిలో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవచ్చు, అయితే పెద్దవాళ్ల వేళ్లు అరిగిపోయి ముద్ర సరిగా పడదు. పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రానికి కూడా ఇదే చిక్కు వచ్చేది. ఇప్పుడు ముఖ గుర్తింపుతో ఆ పని అవుతోంది. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ద్వారా పోస్ట్‌మ్యాన్ 70 రూపాయలు తీసుకుని ఇంటికే వచ్చి చేసిపెడతారు. నా మట్టుకు నాకు, ఊరి మొత్తంలో అతి తక్కువగా మెచ్చుకోబడుతూ అతి ఎక్కువగా ఉపయోగపడే సంస్థ పోస్టాఫీసు అనిపిస్తుంది. టీ కొట్టులోనూ, కూరగాయల బండి మీదా క్యూఆర్ కోడు ఉంటుంది కాబట్టి నగదు అవసరం మీరు భయపడినంత ఉండదు.

ప్రభుత్వ కాగితాల పనులకు 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయ వ్యవస్థ వల్ల మండల కార్యాలయం చుట్టూ తిరగడం బాగా తగ్గింది. ఆదాయ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం, అడంగల్ నకలు వంటివి ఊళ్లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ ద్వారా కొన్నిటికి ఆ మాత్రం నడక కూడా అక్కరలేదు. నెల మొదటి తేదీన మాత్రం సచివాలయానికి వెళ్లవద్దు, ఆ రోజు సిబ్బంది అంతా ఇంటింటికీ పింఛన్లు పంచడానికి వెళతారు. ఒకటో తేదీ ఆదివారం అయితే ఆ పంపిణీ ముందురోజే జరుగుతుంది. రేషను దుకాణం నెలలో 1 నుంచి 15 వరకు, ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 వరకు తెరుస్తారు. భూమి రిజిస్ట్రేషన్, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే పత్రం) వంటివి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ఉన్న ఊళ్లోనే, అది ప్రతి మండల కేంద్రంలోనూ ఉండదు.

కరెంటు గురించి చాలామంది నగరవాసులకు ఉన్న భయం పాతకాలంది. ఇళ్లకు వచ్చే సరఫరా మొత్తం మీద బాగానే ఉంటుంది. పగటిపూట 9 గంటల వ్యవసాయ సరఫరా గురించి విని, ఇళ్లకు కూడా అంతే ఇస్తారనుకుని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. అది మోటార్ల లైను, ఇళ్లకు దానితో సంబంధం లేదు. ఈదురుగాలి వస్తే తీగల మీద కొమ్మలు పడి ఒక పూట పోవడం, మరమ్మతుల కోసం ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా తీసేయడం మామూలే. మరమ్మతుల కబురు జిల్లా పత్రిక లోపలి పేజీలో ముందురోజే వస్తుంది. ఫిర్యాదుకు 1912 ఉంది, కానీ ఆచరణలో లైన్‌మన్ నంబరే ముఖ్యం. ఊరి చివర కొత్త ప్లాట్లలో ఇల్లు తీసుకుంటే వోల్టేజీ ఎలా ఉందో రాత్రి 8 గంటల వేళ చూడండి, ఇన్వర్టరు తప్పనిసరిగా పెట్టించండి.

ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్ వంటివి ఆన్‌లైన్‌లో కొనకుండా ఊళ్లోని షాపులోనే కొనమని నా సలహా. ధర కొంచెం ఎక్కువైనా, పాడైనప్పుడు ఆ షాపువారు ఒత్తిడి చేస్తేనే కంపెనీ మెకానిక్కు ఒంగోలు నుంచి త్వరగా వస్తాడు. ప్లంబరు, ఎలక్ట్రీషియన్ మంచివారే దొరుకుతారు. అయితే పెళ్లిళ్ల కాలంలో లైటింగు పనులకు, గృహప్రవేశాల కాలంలో కొత్త ఇళ్లకు వెళ్లిపోతారు. గ్యాసు సిలిండరు బండి మీ వీధికి ఏ వారం వస్తుందో అడిగి, రెండో సిలిండరు ఉంచుకుంటే చాలు.

రవాణాకు గుంటూరు, నంద్యాల మధ్య రైలు మార్గం, ఆర్టీసీ బస్సులు, నిండితే గాని కదలని షేర్ ఆటోలు ఉన్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న ఆధార్ కార్డు చూపిస్తే అమ్మగారు ఒంగోలుకు ఉచితంగా వెళ్లి రావచ్చు, సంతరోజున మాత్రం సీటు దొరకదు. పక్క ఊరినుంచి చివరి బస్సు ఎన్ని గంటలకో తెలుసుకోకుండా సాయంత్రంపూట ఎక్కడికీ బయలుదేరకండి. ఊళ్లో దొరకని మందులను ఒంగోలు షాపువారు ఆర్టీసీ పార్సిల్‌లో వేస్తే సాయంత్రానికి బస్టాండులో తీసుకోవచ్చు, మేము తరచుగా అలాగే తెప్పించుకుంటాము.

మీరు అడగలేదు గాని, శాఖా గ్రంథాలయం గురించి ఒక మాట. ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు, శుక్రవారం సెలవు. మీరు కట్టబోయే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా దానికే వెళుతుంది కనుక సభ్యత్వం తీసుకోవడానికి మొహమాటపడనక్కరలేదు. అక్కడ దినపత్రికలు చదివేవారిలో సగం మంది విశ్రాంత ఉద్యోగులే. ఏ డాక్టరు ఏ ఆదివారం వస్తారో, ఏ వీధికి నీళ్లు ఎప్పుడు వస్తాయో నాకు మొదట తెలిసింది ఆ బల్ల దగ్గరే.

ఇల్లు కొనే తొందరలో ఉంటే ఆగండి. రెండు నెలలు అద్దెకు ఉండి చూడండి, ఆ రెండు నెలలు ఏప్రిల్, మే అయ్యేలా చూసుకోండి. నీళ్లు, కరెంటు, ఎండలో అమ్మగారి ఆరోగ్యం, ట్యాంకరు తిరిగే సందు, రాత్రి పిలిస్తే పలికే కారు డ్రైవరు, ఇవన్నీ ఆ కాలంలోనే పరీక్షకు వస్తాయి. అక్టోబరులో వచ్చి చూస్తే పచ్చగా ఉన్న పొలాలు, నిండిన బావులు కనిపించి వెంటనే అడ్వాన్సు ఇచ్చేస్తారు. మీరు చూస్తున్న ఊరు పేరు, అమ్మగారికి ప్రస్తుతం జరుగుతున్న వైద్యం ఏమిటో రాస్తే, అక్కడికి ఏ నిపుణులు ఏ రోజుల్లో వస్తున్నారో విచారించి చెప్పగలను.