సున్నిపిండికి యూనివర్సిటీ ముద్ర

జుట్టు రాలడం గురించి రాసినవాళ్ళు ఈ నెలకు నన్ను మన్నించాలి, మీ వంతు వచ్చే నెల. వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే దారిన పోతున్నాయి గనుక వాటినే తీసుకుంటున్నాను.

ప్ర: మేడమ్ గారికి నమస్కారం. మా సంఘంలో పదకొండు మందిమి కలిసి సున్నిపిండి చేసి తిరుపతిలో రెండు మూడు అంగళ్ళకు వేస్తున్నాం. చెన్నై నుంచి ఒక కంపెనీ ఆయన వచ్చి, దీన్ని పసిపిల్లల చర్మానికి కూడా పడేట్టు మెత్తగా మారుస్తాం, యూనివర్సిటీలో పరీక్ష చేయించి అమ్ముతాం, కొలతలు రాసివ్వండి అంటున్నాడు. ఆ కొలతలు మా అత్తగారివి. ఇవ్వొచ్చా?
– సంఘం లీడరు, చంద్రగిరి మండలం

జ: ఇప్పుడే ఇవ్వొద్దమ్మా. ఆయన మంచోడే కావచ్చు. అయినా కాగితం మీద సంతకాలు పడకముందే కొలత చెప్పడమంటే, బేరం కుదరకముందే ఆవును తోలిచ్చినట్టు. కొలతలు ఎవరికీ బయటపెట్టనని ఆయన చేత ముందు రాయించుకోండి, తర్వాత మాట్లాడండి.

అత్తగారి కొలతను ఎవరో పేటెంటు చేసుకుంటారన్న భయం మీ ఉత్తరంలో కనిపిస్తోంది. 1995లో అమెరికాలో మిసిసిపి యూనివర్సిటీ మెడికల్ సెంటర్ పేరు మీద, పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి పేటెంటు ఇచ్చారు. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ళు పాత గ్రంథాలు తీసి, ఇది మా వంటింట్లో ఎప్పటినుంచో ఉన్నదేనని చూపిస్తే 1997లో దాన్ని కొట్టేశారు. మన దేశపు పేటెంటు చట్టంలో కూడా, తరతరాలుగా తెలిసిన విషయానికి ఉన్నది ఉన్నట్టుగా పేటెంటు ఇవ్వరాదని 3(పి) అనే నిబంధన ఉంది. కాబట్టి సున్నిపిండి సున్నిపిండిగా ఉన్నంతవరకు అది ఆయనదీ కాదు, మీదీ కాదు. కానీ దాన్ని పాడవని పేస్టుగానో, పిల్లల సబ్బుగానో మార్చే కొత్త పద్ధతి దొరికితే దానికి పేటెంటు రావచ్చు. అది ఎవరి పేరున? కంపెనీదా, యూనివర్సిటీదా, అందులో మీ సంఘానికి పైసలెన్ని? ఇది ముందే తేలాలి.

ఇక 'యూనివర్సిటీ పరీక్ష' అన్న మాట. ఆరేళ్ళు సబ్బుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి, ఆ తర్వాత తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. ఈ మాటకు నేనూ ఒకసారి బోల్తా పడ్డాను.

మా డిపార్టుమెంటుకు ఒక కంపెనీ వచ్చింది. పేరు అడక్కండి. నలుగుపిండిని చిక్కటి పేస్టు చేసి, అరగంట ఉంచుకుని కడిగేసే ప్యాకు వాళ్ళది. అది చర్మాన్ని మండించదని చూసి ఉత్తరం ఇవ్వాలి, అదే మా పని. ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకున్నాం, ఇష్టపడి వచ్చిన పిల్లలు ఇరవై నలుగురు, చర్మం డాక్టరమ్మ ఒకావిడ. బొట్టుబిళ్ళంత అల్యూమినియం గిన్నెలో చిటికెడు పేస్టు పెట్టి, వీపున బోర్లించి, పైన ప్లాస్టరు. 48 గంటలు స్నానం లేదు. తీసిన రోజూ మర్నాడూ చూశాం. ఇరవై నాలుగు వీపులూ తోమిన పళ్ళెంలా ఉన్నాయి. సంతోషంగా ఉత్తరం ఇచ్చేశాం.

మిగిలిన పేస్టును హాస్టలుకు తీసుకుపోయింది ఒక అమ్మాయి. మోచేతుల దాకా రాసుకుని, కడుక్కుని, ఆ ఎండలోనే స్పోర్ట్స్ డే ప్రాక్టీసుకు పోయింది. రెండో రోజుకు చేతులు ఎర్రబడి పొంగాయి, వారానికి నల్లబడ్డాయి. గాజులు ఉన్నచోట మాత్రం తెల్లగా గీత. డాక్టరమ్మ ఆ గీత చూడగానే "ఇందులో బావంచాలు ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయి. మన సున్నిపిండిలో చాలా ఇళ్ళల్లో వేస్తారు గదా! బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది ఉన్న చర్మానికి ఎండ తగిలితే ఎక్కువగా కాలిపోతుంది, నల్లబడుతుంది. బొల్లికి వైద్యంలో వాడేదీ ఆ గుణం కోసమే.

మా పరీక్షలో దొంగలెక్కలేమీ లేవు. ప్లాస్టరు కింద ఎండ లేదు, అంతే. తిరుపతి ఎండలో తిరిగే మనిషికి పనికొచ్చే ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. రెండు చోట్ల రాసి, ఒకచోట మాత్రం అతినీలలోహిత కాంతి వేసి పోల్చి చూసే పరీక్ష ఉంది, అది కూడా చేస్తామని కంపెనీకి రాశాను. "ఒప్పందంలో ఉన్నది ఒక్క పరీక్షే, అది అయిపోయింది" అని జవాబు. బయట చెబుదామంటే, ఫలితాలన్నీ కంపెనీ ఆస్తి అని ఏడో పేజీలో ఉంది. ఆ పేజీ చదవకుండా సంతకం పెట్టింది నేనే. ఆ అమ్మాయి చేతులు మామూలు రంగుకు రావడానికి ఆరు నెలలు పట్టింది.

అందుకని, అమ్మా, ఏయే పరీక్షలు చేస్తారో పేరుపేరునా ఒప్పందంలో ఉండాలి. ఫలితం మంచిదైనా చెడ్డదైనా ఒక కాపీ నేరుగా సంఘానికి రావాలి. చెడు ఫలితం వస్తే డబ్బా మీద యూనివర్సిటీ పేరు వేయకూడదు. పరీక్షకు డబ్బు కంపెనీ పెట్టడంలో తప్పేం లేదు, ఎవరో ఒకరు పెట్టాలి. ఆ డబ్బుతో ల్యాబు నోరు కూడా కొనుక్కుంటేనే చిక్కు. ఇంకోమాట, అమ్మకానికి సౌందర్య సాధనాలు తయారుచేస్తే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు కావాలి. ఆయన ఎవరి లైసెన్సు మీద చేయబోతున్నాడో అడగండి, పనిలో పనిగా మీ సంగతీ కనుక్కోండి.

మీరు బావంచాలు వేస్తారో లేదో నాకు కార్డు ముక్క రాయండి. కొలత మాత్రం నాకూ రాయొద్దు.

ప్ర: మా కోడలు కొన్న ఫేస్‌వాష్ మీద 'జంతువులపై పరీక్షించలేదు' అని కుందేలు బొమ్మ ఉంది. మరి దేనిమీద పరీక్షిస్తారు? మన మీదనేనా?
– రిటైర్డ్ టీచరు, పలమనేరు

జ: 2014 నుంచి మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడమే నిషేధం మాస్టారూ. ఇక్కడ తయారైన డబ్బా మీద ఆ మాట గొప్పగా వేసుకోవడం, ఉప్పు పొట్లం మీద 'ఇందులో కొవ్వు లేదు' అని రాసుకోవడం లాంటిది.

కుందేలు బదులు ఇప్పుడు ల్యాబులో పెంచిన మనిషి చర్మపు పొర వాడతారు. మనిషి చర్మం కణాలను చిన్న గిన్నెలో పెంచితే అవి పొరలు పొరలుగా నిజం చర్మంలాగే కడతాయి. దాని మీద సరుకు వేసి, కడిగి, పసుపు రంగు మందు ఒకటి పోస్తారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకు మారుస్తాయి. ఊదా ఎంత చిక్కగా ఉంటే అంత క్షేమం. కణాల్లో సగమైనా బతకకపోతే అది చర్మాన్ని రేపే సరుకని లెక్క. పరీక్షల పద్ధతులకు ప్రమాణాలు రాసే దేశాల కూటమి ఓఈసీడీ దీన్ని 2010లో 439వ మార్గదర్శకంగా ఒప్పుకుంది. మీ కోడలి ఫేస్‌వాష్‌కు అది చేశారో లేదో కుందేలు బొమ్మ చెప్పదు.

ప్ర: ఎమ్మెస్సీ రెండో సంవత్సరం. మా గైడుకు ఒక కంపెనీ ప్రాజెక్టు వచ్చింది, పసిపిల్లల బాడీవాష్ ఇంకా మైల్డ్‌గా చేయాలి. రెండు చిక్కులు. నురగ తగ్గితే వాళ్ళు ఒప్పుకోవడం లేదు. రెండేళ్ళ దాకా థీసిస్‌లో ఏమీ పెట్టొద్దంటున్నారు.
– విద్యార్థి, చిత్తూరు

జ: రెండోది ముందు చెబుతాను నాయనా, నీ బతుకు దానిమీద ఉంది. పేటెంటుకు దరఖాస్తు వేయకముందే థీసిస్ బయటికొస్తే పేటెంటు పోతుందన్న వాళ్ళ భయం నిజమే. దానికి రెండేళ్ళెందుకు? ముందు ప్రొవిజినల్, అంటే తాత్కాలిక దరఖాస్తు వేసుకుని, పూర్తి దరఖాస్తుకు 12 నెలలు గడువు తీసుకోవచ్చు. ప్రొవిజినల్ తేదీ పడ్డాక, అందులో రాసినంత మేరకు నీ థీసిస్ వాళ్ళకు అడ్డం కాదు. కొన్ని నెలలు ఆగమంటే ఆగు. రెండేళ్ళంటే గైడును వెంటబెట్టుకుని రిజిస్ట్రారు దగ్గరికి పో.

ఇక నురగ. నురగ కోసం వేసే మందుల్లో సోడియం లారిల్ సల్ఫేట్ పొంగినట్టు మరేదీ పొంగదు, చర్మాన్ని కావాలని రేపి చూడాలంటే డాక్టర్లు ల్యాబులో వాడేదీ దాన్నే. అయితే మంట అంతా మందు పేరులో లేదు, కలిపే తీరులోనూ ఉంది. దాని తమ్ముడు లారెత్ సల్ఫేట్‌కు, కోకమిడోప్రొపైల్ బీటైన్ అనే మెత్తటి నురగ మందు తోడిస్తే రెండూ కలిసి గుంపు కడతాయి. గుంపులో చేరకుండా ఒంటరిగా తిరిగే అణువులు తగ్గుతాయి, చర్మంలో దూరి అల్లరి చేసేవి ఎక్కువగా అవే. నురగ పెద్దగా పోదు. పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే కొలత) 5 దగ్గర పెట్టుకో, మామూలు సబ్బులా 9, 10 వద్దు.

ప్రాజెక్టు మధ్యలో విసుగొస్తే కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాన్‌ఫ్రాన్సిస్కోలో పీటర్ ఎలియాస్ బృందం చేసిన పని చదువు. చర్మం పైపొరను ఆయన ఇటుకల గోడతో పోల్చాడు. కణాలు ఇటుకలైతే సెరమైడ్లు అనే ఒక రకం కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సున్నం. దెబ్బతిన్న చర్మానికి ఈ మూడింటిలో ఏ ఒక్కటి పూసినా, రెండు పూసినా, కోలుకోవడం ఇంకా ఆలస్యమైంది. మూడూ తగిన పాళ్ళలో కలిస్తేనే గోడ లేచింది. ఇప్పుడు మందుల షాపుల్లో సెరమైడ్ క్రీముల వరస చూస్తున్నావే, దానికి పునాది ఇలాంటి పరిశోధనే. కొత్త సరుకు చేయమని కంపెనీ అడిగితే పుట్టిన ప్రశ్న కాదది, గోడ ఎట్టా నిలబడుతుందని ల్యాబు తనకు తాను వేసుకున్న ప్రశ్న.

నీ ప్రాజెక్టులోనూ అట్టాంటిదొకటి చేర్చు. కంపెనీ ల్యాబులో పరీక్షలన్నీ డిస్టిల్డ్ వాటర్‌తోనే అయ్యుంటాయి. మన దగ్గర బిందె అడుగున తెల్లగా సున్నం కట్టే బోరు నీళ్ళు. గట్టి నీళ్ళతో కడిగితే లారిల్ సల్ఫేట్ చర్మం మీద ఎక్కువగా మిగిలిపోతుందని 2018లో ఇంగ్లండులో షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్ళు కొలిచి చూపించారు. హాస్టల్ కుళాయి నుంచి ఒక బాటిల్, ఇంటి బోరు నుంచి ఒక బాటిల్ పట్టుకుపో. మీ బాడీవాష్ ఆ రెండింట్లో ఎట్టా ఉందో చూసి, పట్టిక గైడుకు ఇవ్వు. కంపెనీకి ఆయన పంపుతాడా లేదా, నాకు రాయి.