‘టు’ తర్వాత యాడ్వర్బ్ ఎక్కడ పెట్టాలి

చిరంజీవి స్వాతికి,

హైటెక్ సిటీలో కూర్చుని రోజూ లండన్ క్లయింటుకి మెయిళ్లు రాస్తావు కాబట్టి ఇంగ్లీషులో ‘టు’కీ వెర్బ్‌కీ (క్రియకీ) మధ్య యాడ్వర్బ్ (పని ఎలా జరిగిందో చెప్పే ‘క్విక్లీ’ లాంటి మాట) పెట్టొచ్చా అన్న నీ సందేహం అవసరమైనదే. అలా పెడితే తప్పు కాదమ్మా. 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ అనే ఇంగ్లండ్ మతాచార్యుడు దీన్ని తప్పుపట్టాడు, ఆ మాట తర్వాత బడుల్లో నియమంగా పాతుకుపోయింది. కానీ అంతకు కొన్ని వందల ఏళ్ల ముందునుంచే ఇంగ్లీషువాళ్లు అలా రాస్తున్నారు.

ఆ నియమానికి భయపడి యాడ్వర్బ్‌ని ‘టు’ ముందుకి నెట్టేస్తే అసలు చిక్కు వస్తుంది. ‘ది మేనేజర్ డిసైడెడ్ క్విక్లీ టు క్లోజ్ ది ప్రాజెక్ట్’ అని రాశావనుకో. నిర్ణయం త్వరగా తీసుకున్నాడా, ప్రాజెక్టు త్వరగా మూసేయాలన్నాడా? రెండూ వస్తాయి. మొదటిదైతే ‘క్విక్లీ డిసైడెడ్ టు క్లోజ్’ అను. రెండోదైతే ‘డిసైడెడ్ టు క్విక్లీ క్లోజ్’ అను.

మనవాళ్లు నిజంగా తప్పు చేసేది వేరేచోట. ‘టు చెక్ కేర్‌ఫుల్లీ ది ఇన్‌వాయిస్’ అని వెర్బ్‌కీ ఆబ్జెక్ట్‌కీ (కర్మకీ, ఇక్కడ ‘ది ఇన్‌వాయిస్’) మధ్య యాడ్వర్బ్‌ని దూరుస్తారు. అలా వద్దు. ఆబ్జెక్ట్ చిన్నదైతే యాడ్వర్బ్ చివర్లోనే బాగుంటుంది: ‘టు చెక్ ది ఇన్‌వాయిస్ కేర్‌ఫుల్లీ’. అదే ఆబ్జెక్ట్ పొడుగైతే చివర పెట్టకు. ‘టు చెక్ ది బిల్స్ ది న్యూ వెండర్ సెంట్ కేర్‌ఫుల్లీ’ అంటే వెండరే జాగ్రత్తగా పంపాడని చదువుతారు. అక్కడ ‘టు కేర్‌ఫుల్లీ చెక్’ అనడమే తేలిక.

కొన్నింటికి చోటు మార్చే వీలే ఉండదు. ‘వి ఎక్స్‌పెక్ట్ సేల్స్ టు మోర్ దాన్ డబుల్’లో ‘మోర్ దాన్’ని కదిపి చూడు, వాక్యం విరిగిపోతుంది. హార్డ్, ఫాస్ట్, వెల్ మాత్రం మామూలుగా వెర్బ్ తర్వాతే: ‘టు వర్క్ హార్డ్’. ‘టు బి థరోలీ టెస్టెడ్’ లాంటివాటిలో ‘టు’ పక్కనే ‘బి’ ఉంది కదా, వాటి జోలికి ఎవరూ రారు.

‘నాట్’ సంగతి వేరు. మెయిల్లో ‘టు నాట్’ కన్నా ‘నాట్ టు’ మర్యాదగా ఉంటుంది. దాని చోటు మారితే అర్థమూ మారుతుంది. ‘ఐ టోల్డ్ హిమ్ నాట్ టు కాల్’ అంటే ఫోన్ చెయ్యొద్దన్నావని. ‘ఐ డిడ్ నాట్ టెల్ హిమ్ టు కాల్’ అంటే చెయ్యమని నువ్వు చెప్పనేలేదని. క్లయింటుతో మాట తేడా వచ్చినప్పుడు ఇది చాలా ముఖ్యం.

ఇక మన ఆఫీసుల్లో అందరూ రాసే ‘ఐ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ అప్రూవ్ మై లీవ్’. వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ ‘రిక్వెస్ట్’ అన్నాక మళ్లీ ‘కైండ్లీ’ ఎందుకు? తీసెయ్. పాతకాలపు పద్ధతి పట్టుకునే మేనేజర్ ఉంటే, ఆయనకి రాసేటప్పుడు యాడ్వర్బ్‌ని వాక్యం చివరికి పంపు. అక్కడ అర్థం చెడుతుంటే యాడ్వర్బ్ మానేసి వెర్బే మార్చు: ‘టు కేర్‌ఫుల్లీ చెక్’ బదులు ‘టు స్క్రూటినైజ్’ (క్షుణ్ణంగా పరిశీలించడం) సరిపోతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న