రాయగడ మిక్స్‌టేప్ ఎవరూ చివరిదాకా వినడం లేదా?

తమ్ముడూ, రాయగడలో మీ జట్టుకి ఎవరి చెవినా పడని ఇండీ పాటలు, అంటే పెద్ద కంపెనీల అండ లేని స్వతంత్ర బ్యాండ్ల పాటలు, నలభై ఏరి మిక్స్‌టేప్‌గా పంపితే, "బాగున్నాయి" అని తప్ప ఎవరూ ఇంకేం మాట్లాడలేదన్నావు. పాటలు ఎక్కువైపోయాయి, అంతే.

పాత సీ-60 క్యాసెట్టు కొలత పెట్టుకో. పక్కకి 30 నిమిషాలు, అంటే ఏడెనిమిది పాటలు. 1986లో ఎన్ఎంఈ అనే బ్రిటిష్ సంగీత పత్రిక తెచ్చిన సీ86 క్యాసెట్టులో 22 బ్యాండ్లుంటే, తలా ఒక్క పాటే. చివరికి ఆ తరహా ఇండీ సంగీతానికే ఆ క్యాసెట్టు పేరు స్థిరపడిపోయింది.

వెంటనే పట్టేసే పాట ముందు పెట్టు, నెమ్మదిగా ఎక్కేది తర్వాత. ప్రతి పాటా ఎందుకు మరుగున పడిందో ఒక్క వాక్యం రాయి. అమెరికన్ రాక్ బ్యాండ్ బిగ్ స్టార్ 1972 తొలి ఆల్బమ్‌ని విమర్శకులు మెచ్చుకున్నారు, కానీ పంపిణీ సరిగా లేక కొట్లలో దొరకలేదు. ఆ సంగతి తెలిశాక మనిషి వినే తీరే మారుతుంది!

"ఎలా ఉన్నాయి?" అని మాత్రం అడగకు. "ఒకటి తీసెయ్యాలంటే ఏది తీస్తావు?" అని అడుగు. పర్లాకిమిడిలో మేం అలాగే అడుగుతాం, రాత్రి దాకా వాదన తెగదు. వచ్చే టేపు మీ ఒడియా స్నేహితుణ్ణి చెయ్యమను.