ఐదో బలం దొరికిందా? ఒకసారి నేనూ నమ్మేశాను

ప్రకృతిలో మనకు తెలిసిన బలాలు నాలుగు: గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంత బలం, బలమైన, బలహీన కేంద్రక బలాలు. మ్యూయాన్ అనే కణం మీద చేసిన ప్రయోగంలో ఐదో బలం బయటపడిందని ఎక్కడో చదివాను, నిజమేనా అని అడిగారు. లేదండీ, దొరకలేదు. 2021 ఏప్రిల్ 7న అమెరికాలోని ఫెర్మీల్యాబ్ అనే కణ భౌతిక ప్రయోగశాల వాళ్లు ఆ ఫలితం ప్రకటించినప్పుడు మాత్రం నేనూ ఉత్సాహపడి తెలిసినవాళ్లందరికీ మెసేజ్‌లు పెట్టాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి కూడా!

మ్యూయాన్ అంటే ఎలక్ట్రాన్‌కి అన్నలాంటిది, బరువు సుమారు 207 రెట్లు. అయస్కాంత క్షేత్రంలో తిరిగేటప్పుడు అది బొంగరంలా తల ఊపుతుంది. ఆ ఊపు ఎంత వేగంగా ఉండాలో మనకు తెలిసిన కణాలు, బలాలతో లెక్క కట్టొచ్చు. ఆ లెక్కకు, కొలతకు పొంతన కుదరకపోతే మనకు తెలియనిదేదో మ్యూయాన్‌ని కదుపుతున్నట్టే. ఆ ఊపును తేల్చే సంఖ్యను g అంటారు. అప్పుడు కొలిచిన g 2.00233184122, లెక్క చెప్పింది 2.00233183620. తేడా 4.2 సిగ్మా (తేడా అనిశ్చితికి ఎన్ని రెట్లు ఉందో చెప్పే కొలమానం). కొత్తది కనిపెట్టామని చెప్పుకోవాలంటే 5 ఉండాలి.

నాకు మొదట అనుమానం వచ్చింది కొలత మీదే. దానికో కారణం ఉంది. కాస్మిక్ కిరణాల్లో వచ్చే మ్యూయాన్ల జీవితకాలం కొలవడం మాకు ల్యాబ్‌లో ఒక ప్రయోగం. 2.2 మైక్రోసెకన్ల దగ్గర రావాలి. మా గ్రాఫ్ నున్నగా దిగాల్సింది పోయి మధ్యలో ఒకచోట గూనిలా లేచింది. నేనూ నా ల్యాబ్ పార్ట్‌నరూ రెండు రాత్రులు నిద్రపోలేదు, పేపర్‌కి టైటిల్ కూడా అనుకున్నాం. మా సార్ చూసి నవ్వలేదు, తిట్టలేదు. "ట్యూబ్ మార్చి మళ్లీ తీయండి" అన్నారంతే. మార్చాక గూని లేదు. సన్నని వెలుగును కరెంటు పల్స్‌గా మార్చే ఆ ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్‌లో మిగిలిన కాస్త వాయువు అయాన్లుగా మారి, అసలు పల్స్ వెనకాలే దొంగ పల్స్ పుట్టిస్తుందట.

ఫెర్మీల్యాబ్ వాడిన సుమారు 15 మీటర్ల అయస్కాంత వలయం కూడా పాతదే. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో ఇలాంటి తేడానే చూపించిన వలయాన్ని 2013లో నీళ్ల మీదా రోడ్డు మీదా ఫెర్మీల్యాబ్ ఉన్న ఇల్లినాయికి తెచ్చారు. లోపం కూడా దాంతోపాటే వచ్చిందేమో అనుకున్నాను. నా అంచనా తప్పింది. కొలత చెక్కుచెదరలేదు, కదిలింది లెక్క.

ఆ లెక్కలో బలమైన కేంద్రక బలం వాటా తేల్చడం మహా కష్టం. పాత పద్ధతిలో ఎలక్ట్రాన్, పాజిట్రాన్ (ఎలక్ట్రాన్‌కి ధనావేశమున్న ప్రతికణం) ఢీకొన్న ప్రయోగాల డేటా నుంచి తీసేవారు. రెండోది లాటిస్, అంటే సూపర్‌కంప్యూటర్‌తో నేరుగా గణించడం. తమాషా ఏంటంటే, కొలతకు దగ్గరగా వచ్చిన ఒక లాటిస్ లెక్క ఆ ఏప్రిల్ 7నే నేచర్ పత్రికలో వచ్చింది. నేను హెడ్డింగ్ చూసి వదిలేశాను! తర్వాత వేరే బృందాల లాటిస్ లెక్కలూ అటే మొగ్గాయి. 2025లో సిద్ధాంతకర్తలు వాటి ఆధారంగానే అంచనా సవరించారు. అదే ఏడాది జూన్‌లో ఫెర్మీల్యాబ్ చివరి ఫలితం ఇచ్చింది, అనిశ్చితి వంద కోట్లలో 127 వంతులు. రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇంకా తేలని చిక్కు ఒకటుంది. 2023లో రష్యాలోని నోవోసిబిర్స్క్ నుంచి వచ్చిన ఎలక్ట్రాన్-పాజిట్రాన్ కొలత పాతవాటితో పొసగడం లేదు. తప్పు ఎవరిదో ఇప్పుడు అక్కడ వెతుకుతున్నారు.