ఆ ముడి దగ్గర ఆగు

అమ్మా,

వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏ మీద, అంటే వాటి ప్రోటీన్ల తయారీ సూచనలుండే గొలుసు మీద, నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ పోలియో, హెచ్‌ఐవి, డెంగ్యూ, కరోనా అన్నిటినీ ఒకే వ్యాసంలో కుక్కావు, ఏదీ కళ్లకు కట్టలేదు. ఆర్‌ఎన్‌ఏ అంటే వట్టి అక్షరాల వరుసే అన్నట్టు రాసుకుంటూ పోయావు. అది మడతలు పడుతుందని, ఏ ప్రోటీన్ ఎంత తయారవ్వాలో ఆ మడతల మీద కూడా ఆధారపడుతుందని చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావు. వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది!

కరోనా ఒక్కటే తీసుకో. కోవిడ్ వైరస్ ఆర్‌ఎన్‌ఏలో దాదాపు 29,900 అక్షరాలు, అంటే ఎ, యు, జి, సి అని పిలిచే రసాయన భాగాలు. కణంలో ప్రోటీన్లు కట్టే యంత్రం రైబోజోమ్. అది వాటిని మూడేసి చొప్పున చదువుతూ పోతుంది; ఒక్కో మూడు అక్షరాల జట్టు ఒక కోడాన్. ఒకచోట యు యు యు ఎ ఎ ఎ సి అని వస్తుంది. ఆ సి 13,468వ అక్షరం. అది దాటగానే, కొద్ది దూరంలో, ఆర్‌ఎన్‌ఏ తనలో తానే చుట్టుకుని ముడిపడి ఉంటుంది. దాన్ని సూడోనాట్ అంటారు. రైబోజోమ్‌కి ఆ ముడి అడ్డం తగులుతుంది. దాన్ని విప్పుకునే పెనుగులాటలో కొన్నిసార్లు ఒక్క అక్షరం వెనక్కి జారి, ఆ సి ని మళ్లీ చదువుతుంది. జారకపోతే ఇంకో నాలుగు కోడాన్లు చదివేసరికి ఆగమనే గుర్తు వస్తుంది, పని అక్కడితో సరి. జారితే ఆ గుర్తు చదువులోకే రాదు. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏని కాపీ చేసుకునే ఎంజైమ్ తయారయ్యేది అలా జారినప్పుడే.

దీన్ని మన మాటల్లోనే చూపించవచ్చు. "పడవ నదిలో కదిలే" అన్నదాన్ని మొదటి మాట తర్వాత ఒక అక్షరం వెనక్కి జారి చదివితే "పడవ వనది లోకది" అవుతుంది. మనకు అర్థం చెడింది. అక్కడ మాత్రం జారిన చదువుకూ అర్థం ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలాసేపు వేరే పని మీదికి మనసు పోలేదు.

హెచ్‌ఐవిలోనూ ఇలాంటి జారుడే ఉంది, నూటికి సుమారు 5 సార్లు. ఆ లెక్క బాగా తప్పితే వైరస్ సరిగా పెరగలేదు. అందుకే "వైరస్ తెలివిగా మోసం చేస్తుంది" అన్న నీ వాక్యం కొట్టెయ్. అక్కడ తెలివేమీ లేదమ్మా, ముడి ఉంది, దాని బిగువు ఉంది. పోలియో ఆర్‌ఎన్‌ఏలో రైబోజోమ్‌ని నేరుగా మధ్యలోకి దింపే మడత గురించి ఇంకో వ్యాసం రాద్దువుగాని.

మళ్లీ రాసే ముందు సూడోనాట్‌ని నీ చేత్తో గియ్యి. లూపులోని, అంటే మడత కొసన ఉన్న మెలికలోని, అక్షరాలు బయటి అక్షరాలతో ఎలా జత కడతాయో చదివితే అందదు, గీస్తే అందుతుంది. ఆ కాగితం కూడా వ్యాసంతో పాటు పంపు, చూస్తాను.

ఆశీస్సులతో.